పెరటి పెట్టల తోలుగుడ్లు, పలుచని పెంకు గుడ్లు: కారణం కాల్షియం ఒక్కటేనా?

వేకువకూత:

అందరికీ నమస్కారం. మా పెరట్లో ఒక చిన్న మంద ఉంది. అందులో రెండేళ్లు దాటిన పెట్టలూ, ఈ మధ్యనే గుడ్లకు వచ్చిన కన్నె పెట్టలూ కలిసి తిరుగుతాయి. ఎండలు ముదిరినప్పటి నుంచి గుడ్ల పెంకు పలుచబడి, వేలితో కాస్త గట్టిగా పట్టుకుంటేనే సొట్ట పడుతోంది. అదిగాక అప్పుడప్పుడు తెల్లవారి గూడు తలుపు తీసేసరికి, పెట్టలు పడుకునే కర్ర కింద పెంకే లేని తోలుగుడ్డు చితికి కనిపిస్తోంది. నేను లేయర్ దాణానే, అంటే గుడ్లు పెట్టే కోళ్ల కోసం తయారయ్యే దాణానే వేస్తున్నాను. మధ్యాహ్నం పూట మొక్కజొన్న, గోధుమ గింజలు చల్లుతాను, ఆకుకూరల తుంపులు కూడా పడుతుంటాయి. అడిగిన ప్రతివారూ కాల్షియం తక్కువైందన్న ఒక్క మాటే చెబుతున్నారు. అది నిజమైతే దానిని ఏ రూపంలో, ఏ వేళకు, ఎంత పెట్టాలో చెప్పగలరు. నిజం కాకపోతే ఇంకేమి గమనించాలో కూడా తెలియజేయగలరు.

దాణాలెక్క:

వేకువకూత గారూ, మీకు సలహా ఇచ్చినవారు తప్పు చెప్పలేదు గానీ, లేయర్ దాణా వేసే ఇంట్లో కాల్షియం ఎలా తక్కువైందో అడగకుండా వదిలేశారు. ఆ లెక్క ఒకసారి వేసి చూద్దాం.

మామూలు గుడ్డు పెంకు అయిదారు గ్రాములు తూగుతుంది. అందులో సుమారు 95 శాతం కాల్షియం కార్బొనేటే కాబట్టి, ఒక్కో గుడ్డుతో రెండు గ్రాములకు పైగా కాల్షియం పెట్ట ఒంట్లోంచి బయటికి పోతుంది. తిన్న కాల్షియంలో ఉజ్జాయింపున సగమే ఒంటబడుతుంది గనుక, గుడ్డు పెట్టే రోజున దానికి నాలుగు గ్రాములకు పైగానే అందాలి. లేయర్ దాణాలో 3.5 నుంచి 4.5 శాతం వరకు కాల్షియం ఉంటుంది. నాలుగు శాతం ఉన్న దాణాను పెట్ట రోజుకు 110 గ్రాములు తింటే 4.4 గ్రాములు అందుతుంది, లెక్క సరిపోతుంది. ఇప్పుడు మీరు చల్లే గింజలను ఇందులోకి తీసుకోండి. ఒక్కో పెట్ట 40 గ్రాముల గింజలు తిన్నదనుకుంటే, దాని కడుపులో దాణాకు మిగిలే చోటు 70 గ్రాములే. మొక్కజొన్నలోనూ గోధుమలోనూ కాల్షియం లేదన్నంత తక్కువ, 0.1 శాతం కూడా ఉండదు. అప్పుడు మొత్తం మీద అందేది 2.8 గ్రాములు, ఒంటబట్టేది 1.4 గ్రాములు. కొరత ఎక్కడి నుంచి వచ్చిందో ఇంతకన్నా వేరే చెప్పనక్కరలేదు. దాణా సంచి మీద అచ్చువేసిన అంకె, ఆ దాణా తప్ప మరొకటి తినని పెట్టకు మాత్రమే వర్తిస్తుంది.

అయినా ఇదొక్కటే కారణమని నేను అనడం లేదు. పలుచని గుడ్లు పెట్టేది ఒక పెట్టా, మందంతానా? తోలుగుడ్డు ఎవరిదో తెలిసిందా? గుడ్ల రంగు, ఆకారం మారాయా? పెట్టల్లో తుమ్ములు, మందకొడితనం ఏమైనా ఉన్నాయా? వీటికి మీరిచ్చే జవాబులను బట్టి దారి మారుతుంది.

పక్షివైద్యం:

దాణాలెక్క గారి లెక్క సరైనదే. దానికి వేళల సంగతి కూడా జోడించాలి, ఎందుకంటే ఎంత కాల్షియం తిన్నదన్నది ఎంత ముఖ్యమో, ఎప్పుడు తిన్నదన్నదీ అంతే ముఖ్యం.

పచ్చసొన అండాశయం నుంచి విడివడినప్పటి నుంచి గుడ్డు బయటికి వచ్చేదాకా 24 నుంచి 26 గంటలు పడుతుంది. తెల్లసొన చుట్టుకోవడానికి దాదాపు మూడు గంటలు, పెంకు లోపలి రెండు పొరలు ఏర్పడడానికి గంటకు కొంచెం పైన పోగా, మిగిలిన ఇరవై గంటల చిల్లర గుడ్డు పెంకు గ్రంథిలోనే ఉంటుంది. ఎక్కువ పెట్టలు ఉదయం పూట గుడ్డు పెడతాయి కాబట్టి, పెంకు చురుగ్గా గట్టిపడే గంటలు రాత్రిపూట పడతాయి. ఆ వేళ పెట్ట కర్ర మీద కునుకుతూ ఉంటుంది, ఒక్క గింజ కూడా ముట్టదు. అప్పుడు కాల్షియం రెండు చోట్ల నుంచి రావాలి. ఒకటి, పొద్దుగూకే ముందు తిని కందనకాయలో నిలవ ఉన్న ముతక పలుకులు. రెండోది, కాళ్ల ఎముకల వంటి వాటి బోలులో గుడ్ల కోసమే ప్రత్యేకంగా ఏర్పడే మెత్తని ఎముక. ఈ రెండోది చేబదులు మాత్రమే. పగలు తిన్న తిండితో తీర్చకపోతే అసలు ఎముకలే కరగడం మొదలవుతుంది, పెట్ట కాళ్లు చచ్చుబడి కూలబడే పరిస్థితి కూడా వస్తుంది.

పిండిలా నూరిన సున్నపురాయి పగలే కరిగి పోతుంది. రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్ల పలుకులుగా ఉన్న ఆల్చిప్పల గ్రిట్ అయితే కందనకాయలో నెమ్మదిగా కరుగుతూ రాత్రంతా అందుతుంది. పెట్టకు కాల్షియం మీద ప్రత్యేకమైన ఆకలి ఉంటుంది, అది సాయంత్రం పెరుగుతుంది. అందువల్ల గ్రిట్‌ను దాణాలో కలపకుండా వేరే గిన్నెలో ఎప్పుడూ అందుబాటులో ఉంచితే, కావలసినది కావలసినంత తింటుంది. గింజలు నూరుకోవడానికి తినే గులకరాళ్లు వేరు, ఇది వేరు. నల్లరాతి పలుకులు కరగవు, వాటి నుంచి కాల్షియం రాదు.

వేకువకూత:

ఇంత వివరంగా రాసినందుకు ధన్యవాదాలు. పెద్ద పెట్టల గుడ్లు ముదురు గోధుమ రంగువి, కన్నె పెట్టలవి లేత రంగువి కాబట్టి కొంతవరకు తేడా తెలుస్తోంది. పెంకు పలుచబడడం అన్నింటిలోనూ ఉంది, పెద్దవాటిలో ఎక్కువ. తోలుగుడ్డు మాత్రం కన్నె పెట్టలలో ఒకదానిదని నా అనుమానం. తుమ్ములు, ముక్కు కారడం వంటివి లేవు, రంగు కూడా మారలేదు. అయితే ఎండ వేళ అన్నీ నోళ్లు తెరిచి, రెక్కలు ఎడంగా పెట్టి రొప్పుతున్నాయి. తినడం కూడా తగ్గింది.

నీడపందిరి:

ఆ చివరి రెండు వాక్యాలు మొదటి పోస్టులోనే ఉంటే చర్చ ఇక్కడి నుంచే మొదలయ్యేది.

కోడికి చెమట గ్రంథులు లేవు, రొప్పడం ద్వారానే ఒంటి వేడిని వదిలించుకుంటుంది. అలా రొప్పుతున్నప్పుడు రక్తంలోని బొగ్గుపులుసు వాయువు అవసరానికి మించి బయటికి పోతుంది, దానితో రక్తంలో బైకార్బొనేటు తగ్గుతుంది. పెంకు కాల్షియం కార్బొనేటుతో తయారవుతుందన్న మాటలో అందరమూ కాల్షియాన్నే పట్టించుకుంటాము గానీ, ఆ కార్బొనేటు పెట్ట తన రక్తంలోని ఈ వాయువు నుంచే తయారు చేసుకుంటుంది. కాబట్టి ఎండలో రొప్పే పెట్టకు గిన్నె నిండా గ్రిట్ పెట్టినా పెంకు పలుచగానే రావచ్చు. దానికి తోడు వేడికి తిండి తగ్గుతుంది, తిండితో పాటు కాల్షియమూ తగ్గుతుంది. 30 డిగ్రీలు దాటిన రోజుల్లో గుడ్ల పెట్టలకు ఈ ఇబ్బంది తప్పదు.

చేయవలసిందల్లా వేడి తగ్గించడమే. గూటి మీద దట్టమైన నీడ, రెండు వైపుల నుంచి గాలి, నీడలో ఉంచి తరచు మార్చే చల్లని నీళ్లు అవసరం. దాణాను తెల్లవారుజామున, సాయంత్రం చల్లబడ్డాక వేయండి. ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు మొక్కజొన్న చల్లవద్దు, ఆ వేళ కడుపు నిండా తింటే అరుగుదలకు పుట్టే వేడి కూడా తోడవుతుంది. కొందరు నీళ్లలో వంట సోడా కలుపుతారు. అది నిజంగానే పనికొస్తుంది గానీ, మోతాదు పశువైద్యుణ్ణి అడిగి తెలుసుకోవాలి, ఉప్పదనం ఉన్న నీళ్లలో అసలు కలపకూడదు. తాగే నీళ్లు ఉప్పగా ఉంటే అదొక్కటే పెంకును చెడగొట్టగలదు.

పాతపుంజు:

ఇన్ని శాస్త్రాలు అక్కరలేదు. సున్నపు పొడి గుప్పెడు దాణాలో కలిపి పిల్లా పెద్దా అన్నింటికీ పెడితే పెంకు రాయిలా వస్తుంది. నేను ఎన్నో ఏళ్లుగా అలాగే చేస్తున్నాను.

పక్షివైద్యం:

పాతపుంజు గారూ, మీ అనుభవాన్ని కాదనను గానీ ఈ సలహాలో రెండు ప్రమాదాలు ఉన్నాయి, కొత్తగా పెంచేవారు చదివి పాటిస్తారేమోనని చెబుతున్నాను. గోడలకు వేసే సున్నం ఘాటైన క్షారం, అది నోటినీ గొంతునూ పేగులనూ కాలుస్తుంది. తినడానికి పనికివచ్చేది సున్నపురాయి పొడి, అంటే కాల్చని కాల్షియం కార్బొనేటు. పేర్లు దగ్గరగా ఉన్నంత మాత్రాన రెండూ ఒకటి కావు.

ఇక రెండోది. ఎదిగే పిల్లల దాణాలో కాల్షియం ఒక శాతం దగ్గర ఉంటే చాలు. గుడ్లకు రాని కోడి రోజూ నాలుగు శాతం తింటే, ఆ ఎక్కువైనదంతా మూత్రపిండాల ద్వారా పోవాలి. అక్కడ రాళ్లు కట్టి, మూత్రపిండాలు దెబ్బతిని, లోపలి అవయవాల మీద తెల్లని యూరిక్ పొర పేరుకుని పిల్లలు చనిపోతాయి. పుంజులకూ అంత కాల్షియంతో పనిలేదు. పిల్లలు, పుంజులు, పెట్టలు కలిసి తినే మందలో తక్కువ కాల్షియం ఉన్న దాణా అందరికీ వేసి, గ్రిట్ గిన్నె వేరుగా పెట్టడమే సురక్షితం. కన్నె పెట్టలకు మాత్రం మొదటి గుడ్డుకు సుమారు రెండు వారాల ముందు నుంచి కాల్షియం అందుబాటులో ఉండాలి, ఎముకల్లో ఆ మెత్తని నిలవ ఏర్పడేది అప్పుడే. జుట్టు ఎర్రబడి పెద్దదవడమే దానికి గుర్తు.

పాతపుంజు:

నేను వాడేది రాతి పొడే, గోడ సున్నం కాదు. మాట తేడాగా పడింది. పిల్లల సంగతి మాత్రం ఇకమీదట చూసుకుంటాను.

గూటిపక్క:

కన్నె పెట్ట తోలుగుడ్డు గురించి ఒక మాట. గుడ్లకు వచ్చిన తొలి వారాల్లో అండాశయం వేళకు ఒక పచ్చసొనను వదలడం ఇంకా కుదురుకోదు. ఒక్కోసారి రెండు పచ్చసొనలు కొద్ది గంటల తేడాతో విడుదలవుతాయి. రెండూ ఒకేసారి జారితే రెండు సొనల గుడ్డవుతుంది, ఎడంగా జారితే రెండో దానికి పెంకు గ్రంథిలో సరిపడా సమయం దొరకక తోలుగుడ్డుగానే బయటపడుతుంది. ఒకే పెట్ట ఒకే రోజు ఒక మంచి గుడ్డు, ఒక తోలుగుడ్డు పెట్టిందని చెప్పుకునేవన్నీ ఇలాంటివే. ఇది రోగం కాదు, సాధారణంగా దానంతట అదే సర్దుకుంటుంది.

కర్ర కిందే పడుతోందంటే మాత్రం రాత్రి గూటిలో ఏమి జరుగుతోందో కూడా చూడండి. పిల్లి గూటి చుట్టూ తిరిగినా, ఎలుకలు దూరినా, హఠాత్తుగా వెలుగు పడినా పెట్ట బెదిరి గుడ్డును వేళకు ముందే వదిలేస్తుంది. అదే బెదురుకు గుడ్డు లోపలే చిట్లి, మళ్లీ దాని మీద పెంకు పోసుకుని, నడుమున పట్టీ కట్టినట్టు ఉబ్బెత్తు గీతతో బయటికి రావడమూ ఉంది. అలాంటి గుడ్డు దొరికితే భయపెట్టినదేదో ఉందని అనుకోవచ్చు. ఎర్రపురుగులు కూడా రాత్రిపూటే కర్ర సందుల్లోంచి వచ్చి రక్తం పీలుస్తాయి, చీకటి పడ్డాక టార్చి వేసి కర్ర అడుగున చూస్తే తెలుస్తుంది.

తోలుగుడ్డు ఏ పెట్టదో ఖాయం చేసుకోవాలంటే, అనుమానమున్న పెట్ట గుదం చుట్టూ తినడానికి వాడే రంగు కొంచెం పూయండి. గుడ్డు మీద ఆ రంగు గీత పడుతుంది.

కొత్తగూడు:

మాది పూర్తిగా కప్పిన షెడ్డు, ఎండ పొడ లోపలికి రాదు. గ్రిట్ పెడుతున్నా, వేడి లేకపోయినా పెంకు పలుచగానే ఉంది. ఇంట్లో కలిపిన దాణాలో తవుడు ఎక్కువే వేస్తాము. దీనికి సంబంధం ఉందా?

దాణాలెక్క:

రెండింటికీ సంబంధం ఉంది. పేగులు కాల్షియాన్ని పీల్చుకోవాలంటే విటమిన్ డి కావాలి. కోడి చర్మం మీద ఎండలోని అతినీలలోహిత కిరణాలు పడితే అది ఒంట్లోనే తయారవుతుంది. కిటికీ అద్దం గుండా వచ్చే వెలుగుతో ఆ పని జరగదు. ఎండ తగలని మందకు దాణాలోనే డి3 ఉండాలి. మొక్కల నుంచి వచ్చే డి2 కోళ్లకు పెద్దగా పనికిరాదు కాబట్టి, సీసా మీద విటమిన్ డి అని ఉంటే ఏ రకమో చూడండి. ఇంట్లో కలిపే దాణాకు ఖనిజ మిశ్రమం కూడా తప్పనిసరి. జింకు లేనిదే కార్బొనేటు తయారుచేసే ఎంజైము పనిచేయదు, మాంగనీసు తక్కువైతే పెంకు అల్లిక గట్టిగా రాదు.

తవుడులో భాస్వరం ఎక్కువ, అందులో చాలా భాగం ఫైటేట్ రూపంలో ఉండి కాల్షియాన్ని పట్టి ఉంచుతుంది. పాలకూరలోని ఆక్సాలిక్ ఆమ్లం చేసే పనీ ఇదే, అయితే పెరట్లో పెట్టలు పొడిచే నాలుగు ఆకులకు కంగారు పడనక్కరలేదు. నిలవ గింజలు తేమకు బూజు పట్టి ఉంటే మాత్రం పారేయండి. ఆ బూజు నుంచి పుట్టే అఫ్లాటాక్సిన్ అనే విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది, విటమిన్ డి పనిచేసే రూపంలోకి మారడం మొదలయ్యేది కాలేయంలోనే.

తెల్లపిట్ట:

పురుగుమందుల వల్ల పక్షుల గుడ్లు పలుచబడతాయని చదివాను. పక్క పొలంలో మందు కొట్టినప్పుడల్లా భయంగా ఉంటోంది.

పక్షివైద్యం:

మీరు చదివినది డీడీటీ గురించి. బ్రిటన్‌లో డెరెక్ రాట్‌క్లిఫ్ 1967లో, డేగజాతి పక్షుల గుడ్ల పెంకులు అంతకు ముందరి దశాబ్దాల కన్నా పలుచబడ్డాయని, పాత సేకరణల్లోని గుడ్లతో తూచి పోల్చి చూపించారు. 1972లో అమెరికా ఆ మందును వ్యవసాయంలో దాదాపు పూర్తిగా నిషేధించింది. అయితే ఆ ప్రభావం జాతిని బట్టి మారుతుంది. వేటపక్షులు దానికి తేలికగా లొంగితే, కోళ్లు చాలావరకు తట్టుకుంటాయి. మందు కొట్టిన చోట పెట్టలను తిరగనివ్వకపోవడం మంచిదే, గుడ్లలో అవశేషాలు చేరవచ్చు కాబట్టి. కానీ పలుచని పెంకుకు అది మొదట అనుమానించవలసిన కారణం కాదు.

దానికన్నా దగ్గరగా ఉన్నది కొన్ని సల్ఫా మందుల సంగతి. పెంకు గ్రంథిలో కార్బొనేటు తయారు కావడానికి అవసరమైన ఎంజైమును సల్ఫానిలమైడ్ అడ్డుకుంటుంది, అది వాడిన పెట్ట తోలుగుడ్లు పెట్టడం చాలాకాలంగా తెలిసిన విషయమే. ఏదైనా మందు వేశాక పెంకు మారితే ఆ మందు పేరు వైద్యుడికి చెప్పాలి, ఎన్ని రోజులు గుడ్లు తినకూడదో కూడా అప్పుడే అడగాలి.

నిర్వాహకులు:

పురుగుమందుల మీద ప్రత్యేకంగా చర్చించదలచినవారు వేరే అంశం ప్రారంభించవలసిందిగా మనవి. ఇక్కడ పెంకు సంగతే కొనసాగిద్దాం. అంటురోగాల మాట ఇంకా ఎవరూ ఎత్తలేదు, తెలిసినవారు రాయగలరు.

పక్షివైద్యం:

వేకువకూత గారి మందలో ఆ లక్షణాలు లేవు కాబట్టి నేను దానిని వెనక్కు పెట్టాను. ఇన్ఫెక్షియస్ బ్రాంకైటిస్ సోకితే తుమ్ములు, గురక కనిపించి, ఆ తరువాత గుడ్లు ముడతలు పడి, వంకరగా, పలుచగా వస్తాయి, తెల్లసొన నీళ్లలా కారిపోతుంది. పసిపిల్లగా ఉన్నప్పుడే సోకితే అండవాహిక శాశ్వతంగా చెడిపోయి, పైకి ఆరోగ్యంగా పెరిగిన పెట్ట కూడా గుడ్డు పెట్టకుండా మిగిలిపోవచ్చు. 1976 పేరుతో పిలిచే ఎగ్ డ్రాప్ సిండ్రోమ్ ఇందుకు భిన్నం. దానిలో పెట్టలు చలాకీగానే తిరుగుతుంటాయి. ముందు గోధుమ రంగు గుడ్లు వెలిసిపోతాయి, ఆ వెంటనే మందలో చాలా పెట్టలు ఒక్కసారిగా పలుచని గుడ్లు, తోలుగుడ్లు పెడతాయి, గుడ్ల సంఖ్య పడిపోతుంది. ఆ వైరస్ బాతుల నుంచి వచ్చినది, బాతులూ కోళ్లూ ఒకే నీటిని తాగే చోట ఈ మాట గుర్తుంచుకోవాలి. కొక్కెర తెగులులోనూ పెంకు చెడుతుంది గానీ, మెడ మెలితిరగడం, ఆకుపచ్చ రెట్ట, చావులు దానిని పట్టిస్తాయి. గుడ్లు హఠాత్తుగా ఆగిపోయి, వెంటవెంటనే కోళ్లు చనిపోతుంటే బర్డ్ ఫ్లూ కావచ్చు. అప్పుడు ఇక్కడ పోస్టు రాయడం కాదు, పశువైద్య అధికారులకు తెలియజేయాలి.

ఒక పెట్ట మాత్రమే గుడ్డు కోసం ముక్కుతూ, తోక దించి నిటారుగా నిలబడి, తిండి మానేస్తే గుడ్డు అడ్డం పడిందేమో చూడండి. మెత్తని గుడ్డు గట్టిదానికన్నా తేలికగా జారుతుందని అనుకుంటారు గానీ జరిగేది దానికి విరుద్ధం. కండరాలకు నెట్టడానికి పట్టు దొరకదు, పైగా రక్తంలో కాల్షియం తక్కువైతే ఆ కండరాలే బలహీనపడతాయి. అలాంటి పెట్టను వెచ్చని చోట ఉంచి, లోపల గుడ్డును చితకకొట్టకుండా వైద్యుడి దగ్గరికి తీసుకువెళ్లాలి.

దాణాలెక్క:

మార్పు వచ్చిందో లేదో చేతి అంచనాతో కాకుండా చూడదలచుకుంటే ఒక పద్ధతి ఉంది. సాపేక్ష సాంద్రత 1.080 ఉండేలా ఉప్పునీళ్లు కలిపి, హైడ్రోమీటరుతో సరిచూసుకుని, ఆ రోజే పెట్టిన గుడ్డును అందులో వేయండి. పెంకు మంచిదైతే మునుగుతుంది, పలుచనిదైతే తేలుతుంది. పాత గుడ్డులో గాలి గది పెరిగి ఉంటుంది కాబట్టి ఎలాగూ తేలుతుంది, దానితో లెక్క తప్పుతుంది.

వేకువకూత:

మీరందరూ చెప్పినవాటిలో నేను చేసినవి రాస్తున్నాను. గింజలు మధ్యాహ్నం మానేసి, దాణా తిన్నాక సాయంత్రం కొద్దిగా మాత్రమే చల్లుతున్నాను. ఆల్చిప్పల గ్రిట్ వేరే గిన్నెలో పెట్టాను, పొద్దువాలేటప్పుడు పెట్టలు దాని దగ్గరే మూగుతున్నాయి. గూటి మీద నీడ వేయించాను. గూటి వెనుక జాలీ చిరిగి ఎలుకలు వస్తున్నట్టు గూటిపక్క గారి మాట మీద వెతికితేనే తెలిసింది, దానిని మూసేశాను. కన్నె పెట్టల గుడ్లు ఇప్పుడు ఉప్పునీళ్లలో మునుగుతున్నాయి, తోలుగుడ్లు ఆగాయి. పెద్ద పెట్టల్లో ఒకదాని గుడ్డు మాత్రం ఇంకా తేలుతూనే ఉంది. మరొక సందేహం, ఈ గుడ్ల పెంకులనే తిరిగి పెట్టలకు వేయవచ్చా? పలుచని గుడ్లు మనం తినవచ్చా?

గూటిపక్క:

వయసు పెరిగే కొద్దీ గుడ్డు పెద్దదవుతుంది గానీ, దాని మీద పోసే పెంకు పదార్థం అంతగా పెరగదు. ఉన్నదే ఎక్కువ వైశాల్యం మీద పరుచుకుని పలుచబడుతుంది. ఈకలు రాల్చి కొంతకాలం గుడ్లు ఆపిన తరువాత మళ్లీ పెట్టేటప్పుడు కొంత మెరుగుపడుతుంది, కన్నె పెట్ట నాటి పెంకు మాత్రం తిరిగి రాదు. దాని గుడ్లను పొదిగించడానికి పెట్టకండి, తల్లి బరువుకే చిట్లుతాయి.

పెంకులు వేయవచ్చు. బాగా వేడి చేసి ఆరబెట్టి, గుడ్డు ఆకారం ఆనవాలు లేకుండా నలగగొట్టండి, లేకపోతే గుడ్డు పొడిచి తినడం అలవాటు చేసుకుంటాయి. అసలు ఆ అలవాటు మొదలయ్యేది చితికిన తోలుగుడ్ల నుంచే కాబట్టి, వాటిని ఉదయమే తీసేయడం మంచిది. గుడ్ల పెంకులు పలుచనివి గనుక తొందరగా కరుగుతాయి, అందువల్ల ఆల్చిప్పల గ్రిట్‌కు తోడుగానే తప్ప దాని బదులు కావు.

తినడం గురించి అయితే, పెంకు పలుచనైనా పగులు లేని శుభ్రమైన గుడ్డును బాగా ఉడికించి తినవచ్చు, నిలవ పెట్టకుండా ముందు వాడేయండి. పెంకు లేని గుడ్డుకు క్రిములను ఆపే గట్టి గోడ లేదు. కర్ర కింద రెట్టలో పడినది ఎంత చక్కగా కనిపించినా పారేయవలసిందే.